ఎక్కిన బస్సునే నమూనాగా కట్టడం ఎలా?

బస్సుల మీద మక్కువ ఉన్నవాళ్లు సాధారణంగా మూడు పనులు చేస్తారు. ఊళ్లు తిరుగుతారు, దారిలో కనిపించిన బస్సులను వీడియో తీస్తారు, ఇంట్లో అట్టతోనో ఫోమ్ షీటుతోనో చిన్న బస్సులు కడతారు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోవడం వల్లే చాలామంది శ్రమ పైపైన మిగిలిపోతుందని నా అభిప్రాయం. వీడియోలోని బస్సు ఒక డిపోది, బల్ల మీది నమూనా ఏ డిపోదీ కాదన్నట్టు ఉంటే, దానికి కిటికీలు ఎన్ని ఉండాలో, తలుపు ముందు చక్రానికి ముందుండాలో వెనక ఉండాలో తేల్చే ఆధారమే ఉండదు. అందుకే ఒక్క బస్సును ఎంచుకుని, దానిలోనే ప్రయాణించి, దాన్నే చిత్రీకరించి, ఆ చిత్రాల ఆధారంగా దాన్నే 1:32 కొలతలో, అంటే అసలు బస్సులో 32వ వంతు సైజులో, కట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలన్నీ మన రెండు ఆర్టీసీలవే.

బస్సును ఎంచుకోవడం

మొదటిసారి కట్టేవారు గరుడ వంటి ఏసీ బస్సుల జోలికి పోకపోవడం మంచిది. వాటి ముందు అద్దం రెండు దిక్కులా వంపు తిరిగి ఉంటుంది, పక్క అద్దాలు ఒకే పలకలా అతికి ఉంటాయి. ఈ రెండూ ఇంట్లో చేయడం కష్టం. పల్లె వెలుగు బస్సుకు పక్కలు దాదాపు చదునుగా ఉంటాయి, కిటికీలు విడివిడిగా ఉంటాయి, చువ్వలు, రేకుల అతుకులు, సొట్టలు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. పైగా ఎవరూ ఫొటో తీయని బస్సు అదే. ఖరీదైన బస్సుల బొమ్మలు అంగడిలో ఏదో ఒక రూపంలో దొరుకుతాయి గానీ, మీ ఊరికి రాత్రి వచ్చి నైట్ హాల్ట్ చేసి తెల్లవారుజామున బయలుదేరే బస్సు బొమ్మను మీరు కట్టుకోవలసిందే.

బస్సు ఎంపికతో పాటు సంవత్సరాన్ని కూడా ఎంచుకోవాలన్నది చాలామందికి తట్టదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. 2015లో కార్యకలాపాలు రెండుగా విడిపోయాయి. తెలంగాణ సంస్థ పేరు 2024లో టీజీఎస్ఆర్టీసీగా మారింది. ఇలాంటి ప్రతి మలుపులోనూ బస్సు మీది పేరు, ముద్ర, నంబరు పలక, కొన్నిసార్లు రంగులు కూడా మారుతూ వచ్చాయి. ‘ఏపీ 28 జెడ్’ అని నంబరున్న బస్సును 2010 నాటి రూపంలో కడుతూ దాని మీద టీజీఎస్ఆర్టీసీ ముద్ర వేస్తే, తెలిసినవాళ్లు చూడగానే పట్టుకుంటారు. ఆ ‘జెడ్’ అక్షరం చివరి నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందన్న మాట ఆర్టీసీ వర్గాల్లో బాగా ప్రచారంలో ఉంది. ఆ కథ ఎలా ఉన్నా, మీరు ఎంచుకున్న బస్సు నంబరులో ఆ అక్షరం ఉంటే నమూనా నంబరు పలక మీదా అది తప్పనిసరి.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లేలాండ్, టాటా వంటి సంస్థల నుంచి కొన్న ఛాసిస్ (ఇంజిను, చక్రాలు ఉన్న అడుగు చట్రం) మీద బాడీ కట్టే పని చాలాకాలంగా ఆర్టీసీ సొంత వర్క్‌షాపుల్లోనూ, బయటి సంస్థల్లోనూ జరుగుతూ వచ్చింది. హైదరాబాదులో మియాపూర్ బాడీ యూనిట్ అందుకు పేరుపడింది. ఒకే ఛాసిస్ మీద కట్టిన రెండు బస్సులకు కిటికీల లెక్క, పైకప్పు వంపు, ముందు ముఖం వేరువేరుగా ఉండడానికి ఇదే కారణం. కనుక ‘లేలాండ్ బస్సు’ అనుకుంటే సరిపోదు. ఫలానా డిపో, ఫలానా నంబరు, ఫలానా సంవత్సరం అని కాగితం మీద రాసుకున్న తరువాతే పని మొదలుపెట్టండి.

ప్రయాణం

ఎంచుకున్న బస్సు ఏ రోజు ఏ రూటు మీద ఉంటుందో తెలుసుకోవడానికి అన్నిటికన్నా నమ్మకమైన మార్గం బస్టాండులోని కంట్రోలరు గారిని గానీ, కండక్టరు గారిని గానీ మర్యాదగా అడగడమే. తెలంగాణలో ‘గమ్యం’, ఆంధ్రప్రదేశ్‌లో ‘లైవ్ ట్రాక్’ యాప్‌లు కొంతవరకు ఉపయోగపడతాయి. అయితే మరమ్మతుకు పోయిన బస్సు స్థానంలో స్పేర్ బస్సు వస్తే ఆ సంగతి డిపో వారికే ముందు తెలుస్తుంది. ఆర్టీసీ సొంత బస్సులతో పాటు అద్దె బస్సులు కూడా ఒకే రంగుల్లో తిరుగుతుంటాయి కాబట్టి, ఎక్కే ముందు బస్సు ఒంటి మీద రాసి ఉన్న వివరాలను ఒకసారి చదవండి.

రద్దీని ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. ఆ బస్సుల్లో ఉదయం, సాయంత్రం నిలబడే చోటు కూడా దొరకడం కష్టం. లోపలి సీట్లను, పైకప్పు పట్టీలను ఫొటోలు తీయాలనుకుంటే మధ్యాహ్నం పూట నడిచే ట్రిప్పుల్లో ఎక్కండి, లేదా బస్సు మొదలయ్యే చోటుకు ముందే వెళ్లి ఖాళీగా ఉన్నప్పుడు అనుమతి అడిగి తీసుకోండి. ముందు వరుసల నుంచి దృశ్యం బాగుంటుందని మహిళలకు కేటాయించిన సీట్లలో కూర్చోవద్దు. స్త్రీలను గౌరవిద్దామన్న వాక్యం మీ తలపైనే రాసి ఉంటుంది. నమూనా లోపల అంటించడానికి దాన్ని కూడా ఫొటో తీసుకోండి.

ఘాట్ రోడ్డు ఉన్న రూటు అయితే ముందుగా దాని నియమాలు తెలుసుకోవాలి. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టు రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసి ఉంటుంది. కాబట్టి నల్లమలలో లేత ఎండ కావాలనుకునేవారు, గేటు తెరిచిన కొద్దిసేపటికే అక్కడికి చేరే సర్వీసును చూసుకోవాలి. దోమలపెంట దాటిన తరువాత కృష్ణ దగ్గరికి దిగే మలుపులు, వంతెన, మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కే మలుపులు వరుసగా వస్తాయి; కెమెరా ఛార్జింగును ఆ భాగానికి మిగుల్చుకోండి. తిరుమలలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా బస్సులు దిగుతాయి, 1974లో తెరిచిన రెండవ దాని మీదుగా ఎక్కుతాయి. అంటే ఒక్క దిక్కు ప్రయాణంలో మీకు దొరికేది సగం దారే. భద్రతా నియమాలు కూడా అక్కడ కఠినంగా ఉంటాయి. డ్రోనుకు తావు లేదు. డ్రోనుతో తీసిన బస్సు వీడియోల మీద నాకు పెద్ద గౌరవం లేదని కూడా ఈ సందర్భంలో చెప్పేస్తున్నాను. పైనుంచి చూస్తే ఏ బస్సైనా ఒక పలకే.

చిత్రీకరణ

బస్టాండు ఆవరణలో కెమెరా తీసే ముందు స్టేషన్ మేనేజరు గారికి ఒక మాట చెప్పండి. డిపో లోపలికి వెళ్లాలంటే డిపో మేనేజరు గారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. బస్సు నడుస్తున్నప్పుడు డ్రైవరును పలకరించవద్దు, ఆయన కళ్లలో పడేలా లైటు వేయవద్దు, ఆయన ముఖం చూపాలనుకుంటే బస్సు ఆగినప్పుడు అడగండి. ప్రయాణికుల ముఖాలు, ముఖ్యంగా పిల్లలవి, గుర్తుపట్టేలా ఉంచకండి. రోడ్డు మీద ట్రైపాడ్ నిలపడం ఎంత మాత్రం తగదు.

ఇక కెమెరా అమరిక. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టరు వేగం పెట్టుకుంటే బస్టాండు లైట్లు వీడియోలో వణకవు. బస్సు ముందున్న ఎల్‌ఈడీ బోర్డు మాత్రం షట్టరు వేగం పెరిగితే ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఎండలో షట్టరును 1/1000కి పెంచిన చాలామంది వీడియోల్లో ఊరి పేరు చదవలేకపోవడానికి కారణం అదే. వేగం పెంచే బదులు కటకం ముందు, వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు పెట్టండి.

శబ్దాన్ని తేలికగా తీసుకోవద్దు. ప్లాట్‌ఫారం నుంచి బస్సును వెనక్కి తీస్తుంటే వెనక నుంచి ‘రానీ, రానీ’ అన్న కేక, రేకు మీద అరచేతి చప్పుడు, ‘హోల్డాన్’, ఆ తరువాత ‘రైట్ రైట్’, మొదటి గేరులో ఇంజిను మూలుగు, ఇవన్నీ ఉన్న ముప్పై సెకన్ల శబ్దం ముందు ఏ సినిమా పాటా నిలవదు. దూదిలాంటి గాలి కవచం ఉన్న చిన్న మైకు కొనండి. బస్సు లోపల దాన్ని కిటికీకి దూరంగా, ఇంజిను బానెట్ వైపు తిప్పి పట్టుకోండి. తిరుపతి, తిరుమల మధ్య 2022 నుంచి తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో ఇంజిను మోత ఉండదు కాబట్టి, అక్కడ టైర్ల చప్పుడూ, మలుపుల్లో హారనూ ముఖ్యమవుతాయి.

అందమైన దృశ్యాలు తీయడం పూర్తయ్యాక, నమూనా కోసం వేరే ఫొటోలు తీయాలి, వీటిని మరవవద్దు. బస్సు ఆగి ఉన్నప్పుడు వీలైతే పాతిక ముప్పై మీటర్ల దూరం వెళ్లి, జూమ్ చేసి, రెండు ఇరుసుల నడిమి భాగానికి సరిగ్గా ఎదురుగా నిలబడి ఎడమ పక్కను, కుడి పక్కను తీయండి. దగ్గర నుంచి వెడల్పు కటకంతో తీస్తే బస్సు రెండు చివరలూ కుంచించుకుపోయి కొలతలు చెడతాయి. ముందు, వెనక భాగాలకూ ఇదే పద్ధతి. ఆ తరువాత దగ్గరగా: తలుపు మెట్లు, అద్దాల రబ్బరు, చక్రం నట్లు, వెనక నిచ్చెన, డిపో పేరు రాసిన అక్షరాలు, సీటు గుడ్డ రంగు, డ్రైవరు ముందున్న డాష్‌బోర్డు.

ఫొటో నుంచి కొలతలు రాబట్టడం

ఆగి ఉన్న బస్సుకు టేపు పట్టి కొలిచే అవకాశం అందరికీ రాదు, వచ్చినా మొత్తం కొలవలేరు. అయితే ఫొటోలోనే ఒక కొలబద్ద ఉంది. ఈ బస్సులకు ఎక్కువగా వేసే 10.00-20 సైజు టైరు వ్యాసం సుమారు 1,050 మి.మీ. ఉంటుంది. మీ పక్క ఫొటోలో ఆ టైరు 210 పిక్సెళ్లు వచ్చిందనుకోండి. ఒక పిక్సెల్ 5 మి.మీ. అన్నమాట. రెండు ఇరుసుల మధ్య దూరం 1,128 పిక్సెళ్లు ఉంటే 5,640 మి.మీ. అవుతుంది. లేలాండ్ వైకింగ్‌లో వచ్చే 222 అంగుళాల వీల్‌బేస్ 5,639 మి.మీ. కాబట్టి మీ ఫొటో నమ్మదగినదేనని తేలుతుంది. బరువుకు టైరు కింది భాగం కొంచెం అణిగి ఉంటుంది గనుక, వ్యాసాన్ని నిలువుగా కాక అడ్డంగా కొలవండి. వెనక వైపు ఫొటోకు నంబరు పలక కొలబద్ద అవుతుంది, 340 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. ఎత్తు పలకలు సాధారణం.

వచ్చిన ప్రతి కొలతనూ 32తో భాగించండి. 11 మీటర్ల బస్సు 344 మి.మీ. అవుతుంది, వీల్‌బేస్ 176, టైరు 33 మి.మీ. వస్తాయి. 1:32 ఎంచుకోవడానికి నా కారణం ఈ టైరే. ఆ సైజు రబ్బరు చక్రాలు బొమ్మ లారీల నుంచి తీసుకోవచ్చు. 1:24లో బస్సు అరమారులో పట్టదు. 1:87లో కిటికీ చువ్వలు కంటికి ఆనవు.

కట్టడం

కావలసినవి తక్కువే: 2 మి.మీ., 3 మి.మీ. మందం ఉన్న పీవీసీ సన్‌బోర్డు, స్నాప్ బ్లేడు కట్టరు, స్టీలు స్కేలు, ఫెవికోల్, ఫెవిక్విక్, కిటికీ అద్దాలకు పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు, సన్నని రాగి తీగ, ఎమరీ కాగితం. థర్మోకోల్ మధ్యలో ఉన్న ఫోమ్ బోర్డు కొనవద్దు. స్ప్రే రంగు, ఫెవిక్విక్ రెండూ దాన్ని కరిగిస్తాయి.

ముందుగా కంప్యూటరులో గానీ గ్రాఫు కాగితం మీద గానీ నాలుగు పక్కలనూ గీసి, అసలు సైజులో ప్రింటు తీసి, 3 మి.మీ. బోర్డు మీద నేలను, 2 మి.మీ. బోర్డు మీద గోడలను కోయండి. కిటికీలు కోసేటప్పుడు మూలల నుంచి నడుమకు కోయాలి; నడుమ నుంచి మూలకు లాగితే బ్లేడు గీత దాటిపోతుంది. ఒక్క లాగులో తెగగొట్టాలని చూడకుండా తేలికగా నాలుగైదు సార్లు గీయండి. గోడలను నేలకు అతికించే ముందే సీట్లు అమర్చడం, లోపలి రంగు వేయడం పూర్తి కావాలి, ఎందుకంటే ఆ తరువాత వేళ్లు దూరవు.

పల్లె వెలుగులో సీట్లు ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు. నమూనా వెడల్పు 80 మి.మీ. అయితే గోడలు పోను లోపల 76 మిగులుతుంది; నడవకు 12 వదిలితే అయిదుగురికి 64, అంటే తలా ఒకరికి దాదాపు 13 మి.మీ. అసలు బస్సులో ఇది 41 సెంటీమీటర్ల చోటు. మీ లెక్క ఇంతకన్నా ఉదారంగా వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగిందని, పల్లె వెలుగులో ముగ్గురు కూర్చునే సీటులో ప్రయాణించిన ఎవరైనా చెప్పగలరు. సూపర్ లగ్జరీ కడుతున్నట్టయితే రెండు రెండు సీట్లు, వాలే వీపులు.

పైకప్పు అంచుల వంపే నమూనాకు ముఖకవళిక. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి గుండ్రని కర్ర మీద వంచి, కింద మూడు నాలుగు అడ్డ పట్టీల ఆసరాతో అతికించండి. లోపల ఆసరా లేకపోతే వేసవిలో కప్పు కుంగుతుంది. కిటికీ చువ్వలకు అర మిల్లీమీటరు రాగి తీగ సరిపోతుంది. నిజమైన కొలతలో అది 16 మి.మీ. చువ్వ. రేకుల అతుకుల మీది రివెట్లకు సూదిమొనతో ఫెవికోల్ చుక్కలు పెట్టండి. అద్దాలను మాత్రం రంగు పూర్తయ్యాకే, అదీ ఫెవికోల్‌తోనే అతికించాలి. ఫెవిక్విక్ ఆవిరి తగిలితే పారదర్శక షీటు మీద తెల్లటి పొర కడుతుంది, అది పోదు.

హెడ్‌లైట్లకు మీ ఫొటో కొలతకు సరిపోయే తెల్ల ఎల్‌ఈడీలు వాడండి. 9 వోల్టుల బ్యాటరీ వాడితే ప్రతి ఎల్‌ఈడీకీ 470 ఓముల రెసిస్టరు కలపండి.

రంగు, అక్షరాలు

బూడిద రంగు ప్రైమరు కొట్టి, ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది, లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత వేయండి. మాస్కింగ్ టేపు అంచు మీద ముందుగా లేత రంగునే ఇంకోసారి పల్చగా కొడితే, ముదురు రంగు టేపు కిందికి పాకదు. వానాకాలంలో స్ప్రే చేయకండి, తేమకు రంగు తెల్లబారుతుంది.

అక్షరాల దగ్గర చాలా నమూనాలు తేలిపోతాయి. పాత బస్సుల మీది ఊరి పేర్లు, డిపో పేర్లు చిత్రకారులు కుంచెతో రాసినవి. వాటి వంపులు ఏ కంప్యూటరు ఖతిలోనూ (ఫాంటులోనూ) ఉండవు. అందుకే మీరు తీసిన దగ్గరి ఫొటోను సరిచేసి, 32వ వంతుకు తగ్గించి, రేడియం స్టిక్కర్లు చేసే షాపులో వినైల్ మీద ప్రింటు తీయించండి. 15 సెంటీమీటర్ల అక్షరం నమూనా మీద 4.7 మి.మీ. ఉంటుంది, చక్కగా చదవవచ్చు. చివరగా పొడి పాస్టెల్ రంగును గీకి, చక్రాల వెనకా తలుపు మెట్ల మీదా మెత్తని కుంచెతో అద్ది, పైన మాట్ వార్నిషు కొట్టండి. ఏ రంగు ధూళి అన్నది మీ రూటు చెబుతుంది: నల్లరేగడి ఊళ్ల మధ్య తిరిగే బస్సు మీద ఎర్రమట్టి పూస్తే మీ ప్రయాణం వృథా. అమ్మకానికి చేస్తున్నట్టయితే సంస్థ ముద్ర వాడుకోవడానికి అనుమతి తీసుకోవాలి.

నమూనాను చిత్రీకరించడం

మనిషి కంటి ఎత్తు 1.5 మీటర్లు అనుకుంటే, ఈ కొలతలో అది 47 మి.మీ. ఫోను తలకిందులు చేసి కెమెరాను ఆ ఎత్తుకు దించితే బొమ్మ అన్న భావన సగం పోతుంది. మిగతా సగం కదలిక వల్ల వస్తుంది. చిన్న వస్తువు కుదుపులు అసలు వాహనం కంటే చాలా త్వరగా జరిగిపోతాయి. వాటిని 32 వర్గమూలం, అంటే సుమారు 5.7 రెట్లు నెమ్మదింపజేస్తే బరువు కనిపిస్తుంది. సెకనుకు 120 ఫ్రేములతో తీసి 25తో ఆడిస్తే 4.8 రెట్లు నెమ్మదిస్తుంది. ఫోనుతో ఇంతకు మించి తంటాలు పడనక్కరలేదు. మొత్తం బస్సు స్పష్టంగా రావాలంటే దూరం జరిగి జూమ్ చేయండి, మేడ మీద నిజమైన ఎండలో తీయండి. బస్టాండులో మీరు రికార్డు చేసిన అసలు శబ్దాన్నే దీనికి జోడించి, అసలు బస్సు దృశ్యం ఏ కోణంలో ఉందో నమూనాదీ అదే కోణంలో పెట్టి, రెండింటినీ ఒకదాని వెంట ఒకటి కూర్చండి.

తీసిన ఫైళ్లకు బస్సు నంబరు, డిపో, రూటు, తేదీ వరుసలో పేర్లు పెట్టి రెండు చోట్ల దాచండి. అవే నాలుగు వివరాలను, 1:32 అన్న కొలతతో పాటు, నమూనా నేల కింది వైపు రాయండి. నమూనాను ఎండ తగలని చోట అక్రిలిక్ పెట్టెలో ఉంచి, వానాకాలంలో ఆ పెట్టెలో ఒక సిలికా జెల్ పొట్లం వేయండి.